పిసినారి అమ్మార్ సీసా

కిందటి వారం మిమ్మల్ని నా కొట్టు వెనక గది గుమ్మంలో వదిలాను. ఇవాళే కొత్తగా వచ్చినవాళ్లకి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పి లోపలికి తీసుకెళ్తాను.

మా సూఫ్ ఎడారి ఇసుకలో ఎక్కడ తవ్వినా నీళ్లు పడతాయి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. మా ఊరు హాసీ సఫ్సాఫ్ మనిషిని పోల్చుకోవడానికి కార్డు అక్కర్లేదు, ఒకసారి నవ్వమంటే చాలు, పళ్లే చెప్తాయి. మా అన్న పోయాడు. ఆయన కూతురు మబ్రూకా ఒంటె ఎముకల్ని కాల్చి, ఆ బొగ్గుతో ఫ్లోరైడ్‌ని పట్టేసే వడపోత డబ్బా తయారుచేసింది. దాన్ని ప్రభుత్వం స్కూళ్లలో పెట్టాలంటే యూనివర్సిటీ ముద్ర ఉండాలి. యూనివర్సిటీ వాళ్లు మబ్రూకాతో కలిసి పనిచేస్తామని ఒప్పందం రాసుకున్నారు. ముందుగా నలభై ఇళ్ల నీళ్లు పరీక్షించి, అవి ఎంత చెడ్డవో తేలుస్తామన్నారు. ఏడాదిన్నర పట్టింది. ఆదివారం ఉదయం కాగితం తెచ్చారు.

మా నీళ్లు మంచివేనట.

గదిలో నలుగురం ఉన్నాం. కిటికీ పక్క కుర్చీలో ప్రొఫెసర్ ఖలీఫా. అరవై దాటిన మనిషి. మాట్లాడేముందు కళ్లద్దాలు తీసి తుడుస్తాడు, మాట అయిపోయాక పెట్టుకుంటాడు. ఆయన పక్కన నజాత్. ఆయన దగ్గర డాక్టరేట్ చేస్తున్న పిల్ల, ఈ నలభై ఇళ్లూ తోటి విద్యార్థులతో కలిసి తిరిగిన పిల్ల. వాళ్లకి ఎదురుగా, ముంజేతుల దాకా ఎముకల మసితో, నిలబడే ఉంది మబ్రూకా. నేను ఖర్జూరాల బస్తా మీద కూర్చున్నాను. పన్నెండింటికి జిల్లా కార్యాలయం కారు వస్తుంది. ప్రొఫెసర్ సంతకం పెట్టిన కాగితం ఎక్కించుకుని పోతుంది. అది పోయిందంటే ఈ గదిలో ఎముకలు కాల్చే బట్టీ ఆరిపోయినట్టే. అప్పటికి టైము పదకొండు కావస్తోంది.

"మళ్లీ ఒకసారి చదువమ్మా," అన్నాను.

నజాత్ కాగితంలోంచి తల ఎత్తలేదు. "లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. నలభైలో ముప్పై తొమ్మిది ఇళ్లలో సున్నా పాయింట్ నాలుగు దగ్గర వచ్చింది. ఒక్క ఇంట్లో మూడు దాటింది. దాన్ని సారు పక్కన పెట్టమన్నారు."

"నలభైలో ఒకటి అంత తేడాగా వస్తే అది నీళ్ల తప్పు కాదు, మన చేతి తప్పు," అన్నాడు ప్రొఫెసర్. "సీసా సరిగ్గా కడిగి ఉండరు."

"మరి మా పిల్లల పళ్లని ఎవరు కడగలేదు సార్?" అంది మబ్రూకా. "వాటికి ఆ గోధుమరంగు చాయ్‌లోంచి వచ్చిందా?"

"అది పాత బావుల నీళ్లు తాగిన రోజుల ఫలితం. రెండేళ్ల కిందట మున్సిపాలిటీ కొత్త బోరు వేసి పైపుల్లో కలిపింది కదా. అందుకే అందరి నీళ్లూ ఒకేలా ఉన్నాయి. ఇది సంతోషించాల్సిన కబురమ్మా."

"నేను సంతోషిస్తే నా బట్టీ ఆరిపోతుంది."

"నీ బట్టీ మండాలని ఊరి నీళ్లు చెడ్డవని రాయమంటావా?"

మబ్రూకా మొహం మాడిపోయింది. ప్రొఫెసర్ చెడ్డవాడు కాదు. తూకం సరిగ్గా ఉన్నప్పుడు ముల్లు ఎటు మొగ్గితే అటే రాసే మనిషి. అలాంటివాడితో బేరం ఆడలేం. తూకంలోనే తప్పుందని చూపించాలి. నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

"మీరు ఏడాదిన్నరగా కొలుస్తూనే ఉన్నారు," అంది మబ్రూకా. "మొదటిసారి మీరు వచ్చినప్పుడు మా పక్కింటి పిల్లకి పాలపళ్లు. ఇప్పుడు దానికి కొత్త పళ్లు వచ్చేశాయి. ఏ రంగో వెళ్లి చూడండి. కొత్త బోరు వేశాక వచ్చిన పళ్లే అవి."

"ఒక పిల్ల పళ్లు చూసి నివేదిక రాయలేను."

"రాయలేరు. ఎందుకంటే దానికి సంతకం పెట్టే చోటు ఉండదు."

"మబ్రూకా," అన్నాను, ఇక చాలన్నట్టు.

ఈ ఒప్పందం గురించి నా లెక్క నాకు మొదటి నుంచీ ఉంది. యూనివర్సిటీకి పేరుంది, ముద్ర ఉంది, నడిచి తిరిగే కుర్రకారు ఉన్నారు. వాళ్లకి లేనిది ఊరు. మబ్రూకాకి ఊరుంది, ఎముకలున్నాయి, రాత్రింబవళ్లు పనిచేసే ఒళ్లుంది. ఆమెకి లేనిది ముద్ర. ఒకరి లోటు ఇంకొకరి సరుకు అయినప్పుడు బేరం కుదరాలి. కుదిరింది కూడా. కానీ ఇద్దరి గడియారాలూ వేరు. యూనివర్సిటీ గడియారం నెలల్లో నడుస్తుంది, మబ్రూకాది పిల్లల పళ్లలో నడుస్తుంది. ఆ తేడాని భరించేవాడు మధ్యలో ఒకడుండాలి. ఆ ఒకణ్ని నేనే.

నేనెందుకున్నానో కూడా చెప్పేస్తాను, దాచుకోవడానికేమీ లేదు. పేరుకి నాది కిరాణా కొట్టు. ఇల్లు నడిపేది మాత్రం నీళ్ల లారీ. యాభై మైళ్ల అవతల ఊటనీరు ట్యాంకులో నింపుకుని వచ్చి, హారన్ కొడుతూ వీధి వీధికీ డబ్బాల లెక్కన అమ్ముతాం. తీపి నీళ్లు అంటారు మా వాళ్లు. "నీళ్లమ్మేవాడు వడపోత డబ్బాలకి గది ఇచ్చాడు, సమాధి గొయ్యి తవ్వేవాడు మందుల కొట్టు పెట్టినట్టు" అని కాఫీ హోటల్లో నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ. నీళ్ల లారీ కాలం ఇంకో పదేళ్లు. ఆ తర్వాత ఊరికి కావలసింది డబ్బాలే. అప్పుడు వాటిని అమ్మేది ఎవరు? మా అన్న కూతురి మీద ప్రేమ ఒక చేత్తో, రేపటి వ్యాపారం ఇంకో చేత్తో పట్టుకుని ఆ గది తాళం ఇచ్చాను. రెండు చేతులూ నావే.

"ఆ ఇళ్ల పేర్లున్న కాగితం ఇలా ఇవ్వమ్మా," అన్నాను నజాత్‌తో.

ఎందుకు అడిగానో అప్పుడు నాకే తెలియదు. చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు, అంతే. వరస నంబర్లు, ఇంటి యజమాని పేరు, ఎదురుగా ఫ్లోరైడ్ అంకె. నేను నెమ్మదిగా చదువుతాను, పెదాలు కదిలిస్తూ. లఖ్దర్ ఇల్లు, సున్నా పాయింట్ నాలుగు. ఖురైషీ వాళ్లది, అంతే. పాత మసీదు వెనక ముగ్గురన్నదమ్ములూ, అంతే. అక్కడ ఆగాను.

"ప్రొఫెసర్ గారూ, ఈ ముగ్గురన్నదమ్ముల ఇళ్లకి పైపు రాలేదు. దారిలో ఎవరిదో తోట అడ్డమొచ్చి పని ఆగిపోయింది. వాళ్లకి ఇప్పటికీ తాత తవ్విన బావే."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "అయితే?"

"కొత్త బోరు నీళ్లు వాళ్ల బావిలోకి ఎలా వచ్చాయి?"

"భూమి లోపల నీళ్లు కలుస్తాయి హాజీ గారూ. ఆశ్చర్యమేమీ లేదు."

చదువుకున్నవాడి దగ్గర జవాబు ఎప్పుడూ ఉంటుంది. నేను కిందికి చదువుకుంటూ పోయాను. ఆ పేర్లన్నీ నాకు నోటికొచ్చు. నా లారీ తిరిగే వరసే అది. ప్రతి పేరు పక్కనా వారానికి ఎన్ని డబ్బాలు పోయించుకుంటారో కూడా చెప్పగలను. ఇరవై ఏడో నంబరు దగ్గర వేలు ఆగింది. అక్కడ అంకె పక్కన సిరాతో ఒక అడ్డగీత. మూడు పాయింట్ రెండు. పేరు అమ్మార్.

అమ్మార్ గురించి ఒక్క మాట చాలు. ఊళ్లో పిసినారి అమ్మార్ అంటే పసివాడు కూడా ఇల్లు చూపిస్తాడు. చాయ్‌లో పుదీనా వేస్తే ఆకు తీసి ఎండబెట్టి మళ్లీ వేస్తాడు. ఇరవై రెండేళ్లుగా నా లారీ వాడి గుమ్మం ముందు నుంచి పోతోంది. ఒక్క డబ్బా పోయించుకోలేదు. "దేవుడు కిందే ఇచ్చాడు, నీ దగ్గరెందుకు కొనాలి హాజీ?" అంటాడు.

ఈ కాగితంలో నలభై ఇళ్లున్నాయి. అందులో నా దగ్గర నీళ్లు కొనని ఇల్లు ఒక్కటే. ఆ ఒక్క ఇంట్లోనే నీళ్లు చెడ్డవి.

 ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత భయమేసింది. ఎందుకంటే ఇప్పుడు నేను చెప్పబోయేది ముప్పై తొమ్మిది ఇళ్ల ఆడవాళ్ల మర్యాదకి సంబంధించినది. అది నలుగురి నోళ్లలో పడితే రేపు నా లారీ హారన్‌కి ఒక్క తలుపూ తెరుచుకోదు. ఒక వైపు నా గిరాకీ, ఇంకో వైపు ఊరి పిల్లల పళ్లు, మబ్రూకా బట్టీ. గడియారం చూశాను. కారు రావడానికి గంటకి పది నిమిషాలు తక్కువుంది.

"నజాత్, సీసాలు ఎవరు నింపారు?"

ఆ పిల్ల తడబడింది. "ఇంటివాళ్లే. మేమే కుళాయి దగ్గర నింపాలని మా పద్ధతిలో రాసుంది. కానీ కుళాయి పెరట్లో ఉంటుంది, అక్కడ ఆడవాళ్లుంటారు. మాతో మగపిల్లలున్నారు. ఎలా వెళ్తాం? గుమ్మంలో నిలబడి సీసా ఇచ్చాం. లోపలికి తీసుకెళ్లి నింపి తెచ్చి ఇచ్చారు."

"ఉత్త సీసా ఇచ్చారా?"

"లేదు. పళ్లెంలో పెట్టి ఇచ్చారు. ఖర్జూరాలు, మజ్జిగ కూడా. ప్రతి ఇంట్లోనూ. తినకుండా కదలనివ్వలేదు."

"అమ్మార్ ఇంట్లో?"

నజాత్ పెదవి విరిచింది. "అక్కడ తలుపు సందులోంచి సీసా బయట పెట్టారు."

నేను జేబులోంచి ఫోన్ తీసి, నాలుగో నంబరు ఇంటి ఇల్లాలు ఉమ్మల్‌ఖైర్‌కి కలిపాను. అందరికీ వినపడేలా పెట్టి బస్తా మీద ఉంచాను. ఆమెకి యాభై ఏళ్లు, వీధి మొత్తానికి పెద్ద నోరు.

"ఏంటి హాజీ అన్నా, ఇవాళ లారీ రాలేదేంటి? ఊట ఎండిపోయిందా, నీకు బద్ధకం పట్టిందా?"

"మధ్యాహ్నం వస్తుందిలే. చిన్న మాట చెల్లెమ్మా. యూనివర్సిటీ పిల్లలు సీసా తెచ్చారు కదా, నీళ్లకి. దాంట్లో ఏ నీళ్లు పోశావు?"

"ఏ నీళ్లేంటి? నీ నీళ్లే."

ప్రొఫెసర్ చేతిలో కళ్లద్దాలు ఆగిపోయాయి.

"కుళాయివి కాదా?"

"నీకు మతి పోయిందా అన్నా! యూనివర్సిటీ నుంచి ఎండలో పడి వచ్చిన ఆడపిల్ల చేతికి కుళాయి ఉప్పునీళ్లు పెడతానా? మా అత్త సమాధిలోంచి లేచొచ్చి నా జుట్టు పట్టుకోదూ? మా కూజాలోంచి, తీపి నీళ్లు, అంచు దాకా నింపి ఇచ్చా."

"పరీక్షకి అని చెప్పారు కదమ్మా వాళ్లు."

"చెప్పారు. అందుకే కదా మంచివి పోసింది. పరీక్ష అంటే ఎవరైనా నెగ్గాలని చూస్తారా, తప్పాలని చూస్తారా? పక్కింట్లో వాళ్లూ అంతే పోశారు, నేనే చెప్పా. ఏం, మార్కులు తక్కువొచ్చాయా?"

"లేదమ్మా. బాగా వచ్చాయి. మరీ బాగా వచ్చాయి," అని పెట్టేశాను.

 మబ్రూకా గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. మసి చేతులతో మొహం కప్పుకుని నవ్వుతోంది.

"ఏడాదిన్నర," అంది నవ్వు మధ్యలో. "ఏడాదిన్నర పాటు మన దేశంలో పెద్ద పెద్ద మెషీన్లు పెట్టి మా బాబాయ్ లారీని పరీక్ష చేశారు సార్!"

ప్రొఫెసర్ ఎర్రబడ్డాడు. కానీ చెప్పాను కదా, ముల్లు ఎటు మొగ్గితే అటు రాసే మనిషి. కాగితాన్ని తన ముందుకి లాక్కుని, సంతకం చేసే చోట అడ్డంగా గీత కొట్టాడు. "పిల్లలు తాగేది?" అని అడిగాడు.

"కుళాయి నీళ్లే," అంది మబ్రూకా. "తీపి నీళ్లు చాయ్‌కి, పులుసుకి, చుట్టాలకి. ఆడుకుని వచ్చిన పిల్లాడు కూజా ముట్టుకుంటే వీపు పగులుతుంది. ఇంత చిన్న విషయం నన్ను అడిగితే మొదటి రోజే చెప్పేదాన్ని. మీరు నన్ను అడగలేదు. ఇళ్లకి నన్ను రానివ్వలేదు కూడా. నేను ఉంటే ఫలితం మొగ్గుతుందన్నారు."

"అన్నాను," అన్నాడు ఆయన. "తప్పే. నువ్వు లేకపోబట్టే మొగ్గింది." ఆ మాట అనడానికి ఆయన ఎంత ఖర్చుపెట్టాడో నాకు తెలిసింది. "కారుకి కబురు చేస్తాను. మళ్లీ తీద్దాం. ఈసారి నువ్వే పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పు. కాగితంలో రెండు పేర్లూ ఉంటాయి."

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. నా గిరాకీ మీదికి వచ్చే దెబ్బని నేనే ఒప్పుకుని, సరుకు చేతులు మారకముందే తూకం తప్పుని పట్టుకున్నాను. ఛాతీ ఒక అంగుళం పెరిగింది. కెటిల్ అందుకుని నాలుగు గ్లాసుల్లో చాయ్ వంచాను.

నజాత్ గ్లాసు తీసుకోలేదు. ఆ పిల్ల నవ్వలేదని అప్పుడు చూశాను. సంచిలోంచి ఇంకో కాగితం తీసి, నా ఎదురుగా పెట్టాలా వద్దా అన్నట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"సార్," అంది. "రెండో పేజీ."

"అది సీసాల లోపమని అనుకున్నాం కదమ్మా," అన్నాడు ప్రొఫెసర్. వెంటనే ఆయన గొంతు మారిపోయింది. "ఆగు. అమ్మార్ ఇంటిది ఎంత?"

"ఏమీ లేదు సార్. దాదాపు సున్నా."

"ఏంటది?" అన్నాను.

నజాత్ నా వైపు తిరిగింది. పెద్దవాళ్లతో చెడ్డ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు పిల్లలు ఎలా చెప్తారో అలాగే, చిన్న గొంతుతో చెప్పింది. "మెషీన్‌లో పెడితే ఫ్లోరైడ్‌తో పాటు లోహాలు కూడా కొలుస్తుంది హాజీ గారూ. సీసం లీటరుకి పది మైక్రోగ్రాములు దాటకూడదు. ముప్పై తొమ్మిది ఇళ్లలో నలభై చుట్టుపక్కల వచ్చింది. అన్ని ఇళ్లలో ఒకేలా సీసం ఉండదు కదా, ప్లాస్టిక్ సీసాల్లోంచి వచ్చిందేమో అనుకుని పక్కన పెట్టాం. కానీ అమ్మార్ గారికి ఇచ్చింది కూడా ఆ పెట్టెలో సీసానే. దాంట్లో లేదు."

నేను లెక్కల్లో చురుకైనవాణ్ని. ఈ లెక్కకి మాత్రం అర నిమిషం పట్టింది. ఆ ముప్పై తొమ్మిది సీసాల నీళ్లు నావని ఇప్పుడే నా నోటితో నేనే రుజువు చేశాను. సాక్షిని పిలిచి మరీ.

"ఊట దగ్గర నీళ్లు మేం పోయినేడు వేరే పని మీద పరీక్షించాం," అంది నజాత్. "అక్కడ సీసం లేదు. దారిలో కలిసి ఉండాలి. మీ ట్యాంకు లోపల ఏముంది హాజీ గారూ?"

ఏముందో నాకు తెలుసు.

రెండేళ్ల కిందట ట్యాంకు లోపల తుప్పు పట్టింది. నీళ్లు ఎర్రగా వస్తున్నాయని జనం మూతి విరిచారు. అప్పుడు ఉత్తరాన రేవులో పాత ఓడల సామాన్లు అమ్ముతుంటే వెళ్లి ఎర్ర రంగు డబ్బాలు తెచ్చాను. ఓడ అడుగుకి వేసేదట. "ఉప్పు సముద్రమే దీన్ని తినలేదు, నీ మంచినీళ్లేం చేస్తాయి హాజీ?" అన్నాడు అమ్మినవాడు. డబ్బా మీద ఏదో భాషలో పెద్ద అక్షరాలు, కింద పుర్రె బొమ్మ. బొమ్మ చూశాను. ఓడలవాళ్లకి పుర్రెలంటే సరదా అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా? ట్యాంకు లోపల రెండు పూతలు వేయించాను. మరుసటి వారం నుంచి నీళ్లు అద్దంలా వచ్చాయి. ఊరంతా మెచ్చుకున్నారు.

"ఇనుము," అన్నాను. "ఇనుము తప్ప ఇంకేముంటుందమ్మా ట్యాంకులో?"

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మాట దాటిపోయింది. కొట్లో కూర్చుని నలభై ఏళ్లుగా సరుకు గురించి ఎక్కువ చెప్పి ఉంటాను, తక్కువ చెప్పి ఉంటాను. ఇలా ఎప్పుడూ చెప్పలేదు.

నజాత్ నా మొహం నుంచి కళ్లు తిప్పలేదు. "రంగు గానీ, అతుకులు గానీ..."

"ఉత్త ఇనుము."

"అయితే సీసాలే అయ్యుంటాయి," అన్నాడు ప్రొఫెసర్, ఊపిరి వదిలి. "ఒక పెట్టెలో కొన్ని చెడ్డవి ఉండొచ్చు. హాజీ గారి మాట ఉంది కదా. ఆ పేజీ ఇక్కడితో వదిలేద్దాం. మళ్లీ తీసినప్పుడు గాజు సీసాలు వాడదాం."

అంతే. ఒక్క మాటతో పేజీ మడతపడింది. ఇంత సులువుగా అవుతుందని నేననుకోలేదు. ఇవాళ సాయంత్రమే ట్యాంకు గీకించేద్దాం, ఎవరికీ తెలియకుండా, రేపటి నుంచి మంచిదైపోతుంది అని లోపల ఎవరో తూకం వేస్తున్నారు. నజాత్ మాత్రం కాగితాన్ని సంచిలో పెట్టకుండా పట్టుకునే ఉంది.

మబ్రూకా లేచి వచ్చి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు భయపడకు నజాత్. మా బాబాయ్ సంగతి నీకు తెలియదు. ఆ నీళ్లలో ఆవగింజంత అనుమానమున్నా ఆయన ఊరుకుంటాడా? మా బషీర్ అన్నయ్య కొడుక్కి మొన్ననే కదా నలభయ్యో రోజు చేశాం. వాళ్లమ్మకి పాలు లేవు, డబ్బా పాలే. బాబాయ్ స్వయంగా కూజా తెచ్చి ఇచ్చి, మనవడికి ఈ నీళ్లతోనే కలపండి, కుళాయివి ముట్టుకోవద్దు అని చెప్పాడు. ఊళ్లో బాలింతలందరూ అంతే, పసిపిల్లల పాలకి బాబాయ్ నీళ్లే. వీధిలో ఎవరినైనా అడుగు."

ఎంత ప్రేమగా చెప్పిందో! నన్ను కాపాడుతున్నాననుకుంది.

నలభై రెండు రోజులు. రోజుకి ఏడు సీసాల పాలు. లెక్క దానంతటదే నడిచింది, ఆపుదామన్నా ఆగలేదు. రెండు వందల తొంభై నాలుగు. పొద్దున నేను బయల్దేరేటప్పుడు కోడలు ఒకటి కలుపుతోంది. దాంతో రెండు వందల తొంభై అయిదు.

చేతిలో చాయ్ గ్లాసు కిందపెట్టాను. ఫోన్ తీసి ఇంటికి కలిపాను. కోడలు ఎత్తగానే, "కూజాలో నీళ్లు పారబొయ్యి. పిల్లాడికి పట్టకు. కొట్లో కొన్న సీసా నీళ్లు తెప్పించు. ఎందుకని అడక్కు," అని పెట్టేశాను. తర్వాత లారీ తోలే మా అబ్బాయి బషీర్‌కి కలిపి, ఎక్కడుంటే అక్కడ ఆపి, పంపు తాళం వెయ్యమన్నాను. ఈ రెండు ఫోన్లూ ముగ్గురూ విన్నారు. ఇంక చెప్పడానికి పెద్దగా మిగల్లేదు. అయినా చెప్పాను.

"రంగు ఉంది. ఎర్రది, ఓడలది. నేనే వేయించాను."

మబ్రూకా చెయ్యి నజాత్ భుజం మీద నుంచి జారిపోయింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "బాబాయ్," అంది, అంతే. ప్రొఫెసర్ కళ్లద్దాలు తియ్యలేదు, తుడవలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని, మడిచిన పేజీని నజాత్ చేతిలోంచి తీసుకుని, బల్ల మీద విప్పి అరచేత్తో చదును చేశాడు.

"పసిపిల్లలున్న ఇళ్లు ముందు," అన్నాడు. "హాజీ గారూ, మీ వరస మీకు నోటికొచ్చు కదా. చెప్పండి, ఆ అమ్మాయి రాస్తుంది. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రికి కబురు వెళ్లాలి. రక్తం పరీక్షలు నేను మాట్లాడతాను."

"కాగితంలో నా పేరు రాస్తారా?" అని అడిగాను. అడిగినందుకు సిగ్గేసింది.

"రాస్తాం," అన్నాడు. "ట్యాంకులో ఏముందో చెప్పినవాడి పేరు రాయకుండా ఎలా?"

నేను చెప్తుంటే నజాత్ రాసింది. పదకొండు ఇళ్లలో పసివాళ్లు. మా ఇంటితో పన్నెండు. బయట దూరంగా కారు హారన్ వినపడింది, జిల్లా కార్యాలయం వాళ్లది. ఎవరూ లేవలేదు. అప్పుడు నజాత్ కలం ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు తల ఎత్తింది.

"హాజీ గారూ, ఆ రంగు ఎన్ని డబ్బాలు తెచ్చారు?"

"ఆరు."

"ట్యాంకుకి ఎన్ని పట్టాయి?"

"రెండు."

"మిగతా నాలుగూ ఇంట్లో ఉన్నాయా?"

నేను వ్యాపారిని. నా ఇంట్లో సరుకు రెండేళ్లు పడి ఉండదు. తుప్పు పట్టని రంగు అని మంచి లాభానికి నలుగురికి అమ్మాను. నలుగురూ నీళ్ల తొట్లకే అడిగి తీసుకెళ్లారు, నా ట్యాంకు చూసి. ఎవరికి ఏం అమ్మానో మరిచిపోయేవాడు సూఫ్‌లో కొట్టు పెట్టుకోలేడు, నాకు నాలుగు పేర్లూ గుర్తున్నాయి. మొదటిది చెప్పాను, నజాత్ రాసుకుంది. రెండోది చెప్పాను. మూడోది చెప్పాను.

నాలుగోది మా వదిన పేరు. అది చెప్పేముందు బస్తా మీద నుంచి లేచి, మబ్రూకాని అక్కడ కూర్చోమన్నాను.